అవ్వ చెవికి కుట్లు

మా వైపు కన్నతల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం. మా అవ్వ కుడిచెవి తమ్మె రెండుగా చీలి ఉండేది. కట్టెల మోపు దించుతుంటే చెవికి పెట్టుకునే గెంటీ చిక్కుకుని తెగిందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పక్క ఆమె కొంగు జారనిచ్చేది కాదు, ఎండాకాలం పొయ్యి ముందు కూర్చున్నా సరే.

నాకు సంబంధం కుదిరాక బాపు పెళ్ళి పందిరి సంగతి మాట్లాడుతుంటే అవ్వ మధ్యలో అందుకుంది. “పీటల మీద మీ అన్నా వదినె కూసుంటరు. తెగిన చెవితోని పిల్లను దారవోసుడు నాతోని కాదు.”

చెవి తెగిన మనిషి కన్యాదానం చేయకూడదని మా ముసలమ్మలకు పట్టింపు ఉండేది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పెద్దమ్మ మంచిదే, కాని నన్ను కన్నది ఆమె కాదు కదా! “నువ్వు కూసోకుంటే నేను గూడ కూసోను,” అని మొండికేశాను.

బాపు తేలిగ్గా తీసుకున్నాడు. మా ఊళ్ళో అందరికీ సూదులేసే కంపౌండర్ ఒకాయన ఉండేవాడు. “ఆయన హస్తవాసి మంచిది. కొత్త చెవి లెక్క చేస్తనన్నడు. ఎందుకు ఫికర్?” అన్నాడు.

“జెరం తగ్గిచ్చుడు వేరు, చెవి కుట్టుడు వేరు. నీ కాలు చూస్కో జర, గోనెసంచి కుట్టినట్టు కుట్టిండు,” అన్నది అవ్వ.

గొడ్డలి దెబ్బ తగిలినప్పుడు కంపౌండర్ వేసిన కుట్లవి. బాపు పంచె కిందికి లాక్కున్నాడు.

పత్తి అమ్మడానికి జమ్మికుంట బండి కట్టిన రోజు అవ్వ నన్ను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. బాపు మార్కెట్లో బేరమాడుతుంటే ఈమె మనుషుల ముఖాల మీద కుట్లు వెతకడం మొదలుపెట్టింది. ఎద్దు కొమ్ము తగిలి పైపెదవి చీలిన రైతు ఒకాయన దొరికాడు. “ఏమనుకోకు అన్నా,” అంటూనే ఆయన మీసం పక్కకు జరిపి, కుట్టిన చోటు బొటనవేలితో తడిమింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం సంబరంగా చెప్పాడు. “కరీంనగర్ పెద్ద దవాఖానల కుట్టిండ్రు. గా డాక్టరు కోతలు, కుట్లకే సదివిండట.”

వారం తిరక్కుండా కరీంనగర్ బస్సెక్కాం. డాక్టరు ముందు కూర్చోగానే అవ్వ, “కొత్త చెవి లెక్క అయితదా సారూ?” అని అడిగింది.

“కాదమ్మా. సన్నటి గీత మిగులుతుంది. కొన్నాళ్ళు కమ్మ పెట్టకూడదు. తర్వాత కూడా బరువైనవి వద్దు,” అన్నాడాయన.

అవ్వ నా వైపు తిరిగి మెల్లగా, “గీయనతోనే కుట్టిచ్చుకుంట,” అన్నది. కంపౌండర్ కొత్త చెవే ఇస్తానన్నాడు, ఈయన గీత ఉంటుందంటున్నాడు. ఆ ఒక్క మాటకే ఆమెకు నమ్మకం కుదిరిందని నాకప్పుడు అర్థమైంది.

“ఎట్లా తెగింది?” అని డాక్టరు అడిగాడు.

అవ్వ, “నువ్వు జర బైటికి పో బిడ్డా,” అన్నది. నేను వెళ్ళి తెర అవతలే నిలబడ్డాను. ఆమె గొంతు తగ్గించినా వినబడింది.

“గీ పిల్లనే గుంజింది సారూ, పాలు తాగుకుంట. పసిది, దానికేం ఎరుక? తల్లి చెవి తెంపిన పిల్ల అని నలుగురు అనొద్దని కట్టెల మోపు మీద పెట్టిన. దానికి చెప్పకుర్రి.”

ఇన్నేళ్ళు ఆ కొంగు దాచింది ఆమె చెవిని కాదు, నన్ను.

చెవి కుట్టించుకున్న అవ్వ పెళ్ళిలో బోసి చెవులతోనే బాపు పక్కన పీటల మీద కూర్చుంది. చేతిలో నీళ్ళు పోస్తుంటే కొంగు జారింది. సర్దుకోలేదు. తెర అవతల విన్నది ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

మరుసటేడు నాకు బిడ్డ పుట్టింది. మొదటిసారి పాలకు బిడ్డను నా ఒళ్ళో పెట్టేముందు అవ్వ నా చెవుల గెంటీలు రెండూ తీసి తన కొంగున ముడేసుకుంది. “పిల్ల పాలు మరిచేదాక నా దగ్గర్నే ఉంటయి,” అన్నది. ఎందుకని నేను అడగలేదు. ఏడుపు ఆగలేదు నాకు. నొప్పులకు ఏడుస్తున్నాననుకుని అవ్వ నా వీపు నిమురుతూ కూర్చుంది.