సిస్టరమ్మ తోటలో మిలిటరీ ట్రైలర్

మా బావమరిది గృహప్రవేశానికి నేను హాజరు కాలేదు. హాజరవ్వాలనే బయలుదేరాను. కొత్త చొక్కా తొడుక్కుని, కానుకగా కొన్న ఇత్తడి బిందెను ఒళ్లో పెట్టుకుని, కొరాపుట్‌లో భార్యాసమేతంగా రైలెక్కాను. పార్వతీపురం దాకా టిక్కెట్టు ఉంది. తప్పు నాది కాదు, రైలుది. రాయగడ ఇంకాసేపట్లో వస్తుందనగా ఒక మలుపులో అది నెమ్మదించింది. కిటికీలోంచి చూస్తే అరటిచెట్ల మధ్య ఒక ఇనుప మడ్‌గార్డు వంపు కనిపించింది.

"నేను దిగిపోతన్నాను," అన్నాను.

"ఎక్కడికి? పార్వతీపురం ఇంకా రాలేదు కదా," అంది మా ఆవిడ.

"రాయగడలో దిగుతాను. అక్కడ మిలిటరీ ట్రైలర్ ఉన్నాది. నువ్వెల్తూ ఉండు, నేను ఎనక బండికి వచ్చీస్తాను."

"బిందె నా సేతిలో పెట్టీసి దిగిపోతారా? మా తమ్ముడు అడిగితే ఏటి సెప్పమంటారు?"

"ఒంట్లో బాగోలేదని సెప్పు."

"ఒంట్లో కాదు, బుర్రలో బాగోలేదని సెప్తాను."

చెప్పింది కూడా. పార్వతీపురంలో ఇప్పటికీ ఎవరు కలిసినా ముందుగా నా బుర్ర ఎలా ఉందని పరామర్శిస్తారు.

నా బుర్ర గురించి కొంచెం చెప్పాలి. కొరాపుట్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. వేలంలో తీసుకున్న పాత మిలిటరీ జీపు ఒకటి ఉంది. నెలలో పది రోజులు అది నన్ను మోస్తుంది, మిగతా ఇరవై రోజులు నేను దాన్ని తోస్తాను. ఇలాంటి జీపులున్న వాళ్లందరూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. పొద్దున్నే దేవుడి ఫొటోల బదులు గేర్‌బాక్సుల ఫొటోలు పంపుకునే భక్తసమాజం అది. నా జీపు ఫొటో పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు "బాగుంది, ట్రైలర్ ఏదీ?" అని అడిగేవారు. జీపు వెనక తగిలించుకునే రెండు చక్రాల చిన్న బండి అది. ఒకప్పుడు సైన్యం దాంట్లో గుడారాలూ మందుగుండూ మోసేదట. నీళ్లు చొరబడని ఇనుప తొట్టి కాబట్టి వాగులో దింపినా పడవలా తేలేదట. అది లేని జీపు వాళ్ల దృష్టిలో తాళి లేని పెళ్లికూతురు.

రాయగడలో దిగి, ఆటో ఎక్కి, అరటిచెట్లు వెతుక్కుంటూ వెనక్కి వచ్చాను. రాయగడ చుట్టుపక్కల అరటిచెట్లు ఎన్ని ఉన్నాయో ఆ రోజే తెలిసింది. ఐదో తోటలో దొరికింది. పెంకుటిల్లు, వెనక కూరగాయల మడులు, మడుల మధ్య నా ట్రైలర్. దాని నిండా నీళ్లు. నీళ్ల మీద ఒక ప్లాస్టిక్ మగ్గు తేలుతోంది.

గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. నారాయణపట్న వైపు ఊళ్లలో ఎన్నో ఏళ్లు నర్సుగా చేసి, ఇక్కడ స్థిరపడిన మనిషి. శ్రీకాకుళం సముద్రం ఒడ్డు వాళ్లు. చుట్టుపక్కల అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు.

"ఎవులు బాబూ నువ్వు? కరెంటు బిల్లోడివా?"

"కాదండి. ఈ ట్రైలర్ సూద్దామని వచ్చేను."

"సూడు. సూడొద్దని తలుపులేటైనా ఏసేనా?"

"ఇది మిలిటరీదండి. మీకు తెల్సా?"

"దీంట్లో నీలుంటాయి. అది తెల్సు."

ట్రైలర్ ఘనచరిత్ర గురించి నేను పావుగంట ఉపన్యసించాను. ఆమె శ్రద్ధగా వింటూనే ఆ పావుగంటలో రెండు మడులకు నీళ్లు పోసేసింది. చివరికి, "నువ్వు దీన్ని పట్టుకుపోతే నా వంగమొక్కలకి నీలు ఎవులు మోస్తారు?" అని అడిగింది. ఇంతకంటే పెద్ద సిమెంటు తొట్టి నా చేతులతో కట్టిస్తానని మాటిచ్చాను. "ముందు కట్టు, మరి సూద్దాం. ఆదివారం రా. చర్చి అయ్యాక రా," అంది.

ఫ్యాక్టరీలో వెంట్రుక మందం తేడా వచ్చినా పట్టేసిన చేతులు నావి. నాలుగు గోడల తొట్టి కట్టడం ఏపాటి? మొదటి ఆదివారం కట్టాను. తర్వాతి ఆదివారం వెళ్లి గర్వంగా నీళ్లు నింపాను. మేమిద్దరం టీ తాగి వచ్చేసరికి తొట్టిలో నీళ్లు లేవు, పక్కనున్న టమాటా మడిలో ఉన్నాయి.

సిస్టరమ్మ గొడుగు మూసి, తొట్టి చుట్టూ ఒకసారి తిరిగింది. "పెద్ద ఫ్యాక్టరీలో పన్చేసేనన్నావు కదా బాబూ. అక్కడ ఏటి తయారుసేసేవోలు, జల్లెళ్లా?"

రెండో తొట్టి కారలేదు. నిలువునా బీటలిచ్చింది. సిమెంటు పని అయ్యాక రోజూ తడపాలన్న సంగతి నాకు తెలియదు. తెలిసినట్టు మాత్రం తలూపాను.

ఈలోపు ఇంట్లో మా ఆవిడ మౌనవ్రతం పట్టింది. గృహప్రవేశం నుంచి నాతో మాటల్లేవు. నా పరిశోధనకు ఆ నిశ్శబ్దం బాగా కలిసొచ్చిందనే చెప్పాలి. కానీ మూడో విడత ఇటుకలు జీపులో వేస్తుంటే చీర కొంగు దోపుకుని ముందు సీట్లో కూర్చుంది. "ఇన్ని ఆదివారాలు లాగీసిన ఆ మనిషెవులో నేనూ సూత్తాను," అంది.

ఆడవాళ్లిద్దరూ వరండాలో కూర్చున్నారు. అరగంటలో ఒకరి పుట్టింటి సంగతులు ఇంకొకరికి తెలిసిపోయాయి. నేను ఎండలో ఇటుకలు పేరుస్తున్నాను. కాసేపటికి మా ఆవిడ లేచి వచ్చి, ఒక్క క్షణం చూసి, నా చేతిలోంచి తాపీ లాక్కుంది.

"సిమెంటు మాలు ఇంత పల్సగా కలుపుతారేటి? సారు కాసుకుంటన్నారా?"

మా మామగారు తాపీమేస్త్రీ. చిన్నప్పుడు ఆయన వెంట తిరిగి, ఆయన పక్కనే గోడలు మెత్తిన కూతురు మా ఆవిడ. ఈ సంగతి నాకు పెళ్లిచూపుల నాడే చెప్పారు. మూడు తొట్ల పాటు గుర్తు రాలేదు. ఆ రోజు ఆమె మేస్త్రీ, నేను కూలీ. గోడ లోపలి మూలలు వేలితో గుండ్రంగా నునుపు చేస్తుంటే చూశాను. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె చేతులు అలా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. చూడటానికి నాకు గేర్‌బాక్సుల నుంచి తీరికేదీ?

పది రోజులు సిస్టరమ్మ దగ్గరుండి తడిపింది. తొట్టి చుక్క కారలేదు. తీసుకెళ్లడానికి వెళ్లినప్పుడు ఆమె ట్రైలర్ మీద చెయ్యి వేసి, నాతో కాదు, మా ఆవిడతో అంది: "ఈ బండి నీకిచ్చేను అమ్మీ. తోముకుంటానంటే ఆయన్ని తోముకోనీ."

ఆ విధంగా మా ఆవిడ మిలిటరీ ట్రైలర్ యజమానురాలైంది. నేను మెకానిక్‌నయ్యాను.

మడ్డి తీసి, చిన్న ట్రక్కు మీద ఎక్కించి, ఘాట్ రోడ్డు మీదుగా మా షెడ్డుకు చేర్చాను. కుదుపులు ఆపే కమాన్ పట్టీలు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చక్రాల బోల్టులు కిరసనాయిల్లో వారం నానితే గానీ కదల్లేదు. బేరింగుల్లో గ్రీజుకు బదులు వానపాములున్నాయి. తొట్టి అడుగున నీళ్లు వదిలే రెండు బిరడాలు మాత్రం చెక్కుచెదరలేదు. రంగు గీకడానికే నెల పట్టింది. పైన నీలం, దాని కింద తెలుపు, దాని కింద పసుపు, ఇంకా కింద మరో తెలుపు. అన్నిటికంటే అడుగున మిలిటరీ ఆకుపచ్చ. అది కనిపించిన రోజు నేను మా ఆవిడను కేకేసి పిలిచాను. ఆమె వచ్చి, చూసి, "మా పెరట్లో నాచు కూడా ఇదే రంగు," అని వెళ్లిపోయింది.

రంగు గీకుతుండగానే పుట్టీ రాలి ఒక కన్నం బయటపడింది. ఎడమ పక్క పైఅంచుకు కాస్త కింద, బొటనవేలు పట్టేంత కన్నం. అంచులు లోపలికి వంగి ఉన్నాయి.

గీకుతున్న రేకు కింద పడేశాను. తూటా!

ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. జీవితంలో తుపాకీ పట్టని ఒక పెద్దమనిషి, ఏ తుపాకీయో, ఎంత దూరం నుంచి కాల్చారో, ఏ కోణంలో వచ్చిందో పది నిమిషాల్లో తేల్చేశాడు. ఇంకొకాయన అమరవీరులకు జోహార్లు పెట్టాడు. ఆ కన్నం పూడ్చవద్దని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. పూడుస్తానా? దాని చుట్టూ తుప్పు పట్టకుండా పల్చగా వార్నిషు పూశాను. మా కాలనీలో ఎవరింటికి చుట్టాలొచ్చినా నా షెడ్డుకు తీసుకొచ్చేవారు. నేను వాళ్ల వేలు పట్టుకుని ఆ కన్నంలో పెట్టించి, గొంతు తగ్గించి, "యుద్ధం," అనేవాణ్ణి. ఏ యుద్ధమని ఎవరూ అడగలేదు. అడిగితే నాకూ తెలియదు.

కళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి సిస్టరమ్మ కొరాపుట్ వచ్చింది. మా ఆవిడ పట్టుబట్టి ఇంటికి తీసుకొచ్చింది. అప్పటికి ట్రైలర్ పని పూర్తయింది. కొత్త టైర్లు, కొత్త ఆకుపచ్చ, మడ్‌గార్డుల మీద తెల్లని అంకెలు. ఆ అంకెలు నేను ఊహించి వేసినవే, కానీ చాలా నమ్మకంగా వేశాను.

ఆమె ట్రైలర్ చుట్టూ తిరిగి చూసి, "బాగుంది బాబూ. ఆయన ఉంటే గుర్తుపట్టీవోరు కాదు," అంది. ఆయనంటే ఆమె భర్త. ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి ఎప్పుడో పోయారు.

నేను అలవాటు ప్రకారం ఆమె వేలు పట్టుకుని కన్నంలో పెట్టాను. "ఇది సూసేరా? తూటా తగిలింది. యుద్ధంలో."

సిస్టరమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత మా ఆవిడ ముఖంలోకి చూసింది.

"ఏ యుద్ధం బాబూ? ఇది మా ఆయన సుత్తి పెట్టి కొట్టిన కన్నం. గొడుగు కర్ర వాలుగా దూర్చడానికి."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది మర్యాద కోసం. భుజాలు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

వాళ్లు పనిచేసిన కొండ ఊళ్లకు అప్పట్లో అంబులెన్సు లేదట. ఏదో పాత ప్రాజెక్టు సామాను అమ్మేస్తుంటే కాంపౌండరు గారు ఈ ట్రైలర్ తెచ్చి ఆసుపత్రి జీపుకు తగిలించారట. దాంట్లో గడ్డి పరిచి, పైన పరుపు వేసి, కదల్లేని రోగుల్ని మోసేవారు. ఎండకూ వానకూ పెద్ద గొడుగు ఒకటి నిలబెట్టేవారు.

"ఓసారి నొప్పులొచ్చిన పిల్లని తెస్తన్నాం. వాన. గెడ్డ పొంగి జీపు ఆగిపోయింది. ఇంకేటి సేస్తాం? దీంట్లోనే కాన్పు సేసేసేను. ఆయన గొడుగు పట్టుకుని అటు తిరిగి నిల్చున్నారు. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు. ఆ పిల్ల ఇప్పుడు గుణుపురంలో టీచరమ్మ. నా కన్నా గట్టిగా అరుస్తాది."

ఆమె నవ్వుతూనే చెప్పింది. నేను నవ్వలేకపోయాను. మొదట కోపమొచ్చింది, నా తూటా పోయిందని. ఆ కోపం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. నాలుగు నెలలు నేను ఈ ట్రైలర్‌కు పనిచేశాను, తొట్టిని అంగుళం అంగుళం గీకాను. మధ్యలో వచ్చిన తెల్లరంగును, ఏ పెళ్లికో వేసుంటారని తిట్టుకుంటూ గీకి పారేశాను. అది ఆసుపత్రి తెలుపు. దాని మీద ఎర్ర గుర్తు ఏదైనా ఉండేదేమో. ఉన్నా, కింద ఆకుపచ్చ వెతికే తొందరలో నాకు కనబడలేదు.

"తెల్లరంగంతా గీకీసేనమ్మా," అన్నాను.

"రంగుదేటుంది బాబూ. అదీ ఆయనే ఏసేరు, బాగా ఏసీవోరు కాదు." అంతటితో ఆ సంగతి వదిలేసి, ట్రైలర్ అంచు పట్టుకుంది. "ఎన్నిసార్లు మంచాన పడినోలని దీంట్లో ఎక్కించేనో. నేను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ముందు జీపులోనే కూసునీదాన్ని. ఓ సుట్టు తిప్పుతావా?"

పరుపు వేసి, స్టూలు పెట్టి, మా ఆవిడా నేనూ చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించాం. ఒంటరిగా ఎందుకని మా ఆవిడా ఎక్కింది. ఎలాగూ యజమానురాలే కదా. జీపు ఆ రోజు నా పరువు కాపాడి మొదటి ప్రయత్నంలోనే స్టార్టయింది. కాలనీ లోపలి రోడ్డు మీద నెమ్మదిగా తిప్పాను. పిల్లలు సైకిళ్ల మీద వెనక పడ్డారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఏం జరుగుతోందో తెలియక ఎందుకైనా మంచిదని సెల్యూట్ చేశాడు.

"ఇంకొంచెం జోరుగా పోనీ బాబూ! కాన్పు కేసేటి లేదు కదా!" అని వెనక నుంచి కేక వినిపించింది.

గ్రూపులో నిజం రాశాను. దాచుకోవాలనిపించలేదు. తుపాకీ తేల్చిన పెద్దమనిషి నుంచి కాసేపటికి జవాబొచ్చింది: ముందు తూటా తగిలి ఉంటుంది, ఆ కన్నంలో తర్వాత గొడుగు పెట్టి ఉంటారు. ఆయనతో వాదించలేదు. మడ్‌గార్డుల మీద నేను ఊహించి వేసిన అంకెలు మాత్రం చెరిపేశాను. మొత్తం మళ్లీ తెల్లరంగు వేద్దామా అని మా ఆవిడను అడిగితే, "మల్లీ నాలుగు నెలలా? ఒద్దు," అంది.

పోయిన నెల కొట్పాడ్ దగ్గర ఇంకో మిలిటరీ ట్రైలర్ ఉందని ఎవరో చెప్పారు. ఇద్దరం జీపులో వెళ్లాం, వెనక ట్రైలర్ తగిలించుకుని. తీరా చూస్తే అది ట్రాక్టరు తొట్టి, దాని మీద రైతు ధాన్యం ఆరబోసుకుంటున్నాడు. నేను దాని చుట్టూ తిరిగి బోల్టులు పరీక్షిస్తుంటే మా ఆవిడ సంతకు వెళ్లి, ఎర్ర అంచు నేత చీరలు రెండు కొనుక్కొచ్చింది, ఒకటి తనకు, ఒకటి సిస్టరమ్మకు. తిరుగు ప్రయాణంలో ఆ పొట్లాన్ని ట్రైలర్‌లో పెడతానంటే ఒప్పుకోలేదు. దుమ్ము పడుతుందట. దారంతా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.