ఊపిరి బిగబట్టని ఫోటో

జూమ్ లెన్సు బద్ధకస్తుల సామాను అని ఈ మధ్య ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. కాళ్ళున్నవాడు దగ్గరికి నడిచిపోయి ఫోటో తీసుకోవాలట. నాకు ఒళ్ళు మండింది. దగ్గరికి నడిచిపోతే చెడిపోయే ఫోటోలు కూడా ఉంటాయి. ఆ సంగతి నాకెవరూ పాఠం చెప్పలేదు. అసలు నాకు ఏదీ ఎవరూ పాఠం చెప్పలేదు. నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయిన తర్వాత వికారాబాదు బజారులో ఉర్దూ బోర్డుల పక్కన తెలుగు బోర్డులు లేస్తుంటే, రెండింటినీ పోల్చి చూసుకుంటూ తెలుగు చదవడం నేర్చుకున్నవాణ్ణి. ఫోటోల పని కూడా అట్లాగే, ఫిల్ములు పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను.

అరవైల చివర్లో, స్టేషను రోడ్డులో నాకంటూ ఒక చిన్న స్టూడియో నిలబడ్డాక, దూరం నుంచి తీసే లెన్సు కోసం హైదరాబాదు పోయాను. పాత కెమెరాలమ్మే దుకాణదారు రెండు లెన్సులు ముందు పెట్టాడు. ఒకటి కొత్తది, ఒకే దూరానికి బిగించినది, నిగనిగలాడుతోంది. రెండోది పాత జూమ్. ఎవరి చేతుల్లోనో ఏళ్ళ తరబడి నలిగి, నల్లరంగు లేచిపోయి అంచుల్లో ఇత్తడి బయటపడింది.

"గా పాతది వద్దు భాయ్," అన్నాడు అమ్మేవాడే. "లోపల బూజు పట్టింది. గొట్టం కూడ నిలవది, జారుతది. రేపు నన్నే తిట్టుకుంటవ్."

దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి వెలుతురుకు ఎత్తి చూశాను. బూజు ఉన్నమాట నిజమే, కాని సాలెపోగులాగా ఒక అంచున మాత్రమే ఉంది. నడిమి గాజు శుభ్రం. వెలుతురును తగ్గించే లోపలి రేకులకు నూనె అంటలేదు, తిప్పినప్పుడల్లా టక్కున మూసుకుంటున్నాయి. చెవి దగ్గర ఊపితే గాజు కదిలిన చప్పుడు లేదు. ఇక జారడమా, దాని సంగతి నేను చూసుకుంటాను. పెళ్ళి ఊరేగింపయినా, తాండూరు గనుల్లో బండలెత్తే కూలీలయినా, నా లెన్సు ఏ దూరానికి బిగించి ఉందో ఆ దూరంలో నాకోసం ఆగరు కదా! జూమే కొన్నాను.

స్టూడియో ఎదురుగా చాయ్ హోటలాయన దాన్ని చూసి పడిపడి నవ్వాడు. "ఏందన్నా, తోపు ఫిరంగి కొనుకొచ్చినవ్? గోల్కొండ మీదికి పోతున్నవా?"

నవ్వితే నవ్వనీ అని నా పనిలో పడ్డాను. సైకిలు ట్యూబు నుంచి పట్టీ కోసి గొట్టానికి తొడిగితే జారడం ఆగింది. బూజు వల్ల బొమ్మ తెల్లబారకుండా నల్ల అట్టతో ముందర గొడుగు చేసి పెట్టాను. ఫోకసు ఎప్పుడైనా గొట్టాన్ని చివరిదాకా సాగదీసి, మనిషి కంటిరెప్పలు తేటగా కనబడేటట్టు చేసుకుని, తర్వాతే వెనక్కి జరపాలి. వెనక్కి జరిపాక కూడా ఆ పాత లెన్సు కొంచెం తప్పేది, మళ్ళీ ఒక వెంట్రుకవాసి తిప్పాల్సి వచ్చేది. ఒకే చేత్తో తిప్పుతూ జరపడం అలవాటయ్యేదాకా రోడ్డు మీద పోయే ఎద్దుబండ్ల మీద సాధన చేశాను.

ఆ రోజుల్లోనే తాండూరు నుంచి ఒక యువకుడు వచ్చాడు. కందిపప్పు వ్యాపారం చేసే ఇల్లు. భార్య క్షయతో మా వికారాబాదు గుట్ట మీది దవాఖానలో ఏడాదికి పైగా ఉంది. మందులు పూర్తయ్యాయి, జబ్బు నయమైంది, ఇంటికి తీసుకుపోవచ్చని డాక్టర్లు కాగితం కూడా ఇచ్చారు. ఇతని తల్లి మాత్రం నమ్మడం లేదు. భయం కొద్దీ గుట్ట ఎక్కదు.

"ఒక ఫోటో తీసియ్యాలె అన్నా," అన్నాడు. "మా అమ్మ కండ్లతోటి చూస్తెనే నమ్ముతది. లేకుంటే కొడంగల్ దిక్కు ఇంకో సంబంధం ఖాయం చేస్తది."

"మరి నీకేం కావాలె?"

అతడు నేల చూపులు చూశాడు. "నాకా? నా భార్య కావాలె."

ఆ మాట తల్లి ముందర అనవేమయ్యా అని అరవాలనిపించింది. రెండో పెళ్ళి చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం తమ ఊరిదాకా రాలేదన్నట్టు బతికే ఇళ్ళు మాత్రం ఎన్నో ఉండేవి. ఇప్పటికీ తలుచుకుంటే నా రక్తం ఉడుకుతుంది.

మొదటిసారి మామూలు లెన్సుతోనే పోయాను. దవాఖాన తోటలో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి తీశాను. కెమెరా ఎత్తగానే ఆమె ఊపిరి బిగబట్టింది. మా దగ్గర అందరి అలవాటూ అదే. పాతకాలం స్టూడియోల్లో వెలుతురు చాలక లెన్సు చాలాసేపు తెరిచి ఉంచేవారు, కదిలితే బొమ్మ చెదిరేది. అందుకని ఫోటోగ్రాఫరు "ఊపిరి బిగబట్టు!" అని గట్టిగా అరిచేవాడు. కొత్త కెమెరాలు రెప్పపాటులో తీయడం మొదలుపెట్టాక కూడా జనం ఊపిరి వదలలేదు. పెళ్ళికూతుళ్ళు, పోలీసుపటేళ్ళు, అందరూ అట్లాగే బిగుసుకుపోయేవారు. ఈమెకూ బుగ్గలు లోపలికి పోయాయి, మెడనరాలు తేలాయి, కళ్ళు మిడిగుడ్లయ్యాయి. ఎంత చెప్పినా అంతే.

ఆ ఫోటో పట్టుకుని ఇద్దరం తాండూరు పోయాము. తల్లి దుకాణం వెనక గదిలో పప్పు చెరుగుతోంది. ఫోటో చేతిలోకి తీసుకోకుండానే, కొడుకు పట్టుకుంటే చూసింది.

"దవడలు గుంజుకపోయినయ్. మెడ చూడు, కట్టెపుల్ల. గీమెకా నయమైంది?"

"అమ్మా, డాక్టరు కాయితం..." అన్నాడు కొడుకు.

"కాయితం దగ్గుతదారా?"

నేను కల్పించుకుని, "ఇంకొకటి తీసుకొస్తనమ్మా, మంచిగొస్తది," అన్నాను.

"ఎందుకు రాదు! పెన్సిల్ తోటి బుగ్గలు నింపుకొస్తవ్. నాకెర్కలేదా? మా ఇంటాయన ఫోటోల బట్టతల మీద ఎంటికలు మొలిపించిన్రు మీ ఫోటోలోల్లు! శుక్రారం కొడంగలోల్లు వస్తున్నరు. గంతే."

మా వృత్తిలో నెగెటివు మీద పెన్సిలు పెట్టి ముఖాలు దిద్దడం నిజమే. కాని శుక్రవారానికి ఇంకా వ్యవధి ఉంది. మరునాడే జూమ్ లెన్సు, స్టాండు సైకిలుకు కట్టుకుని గుట్టెక్కాను. కొడంగల్ వాళ్ళ సంగతి చెప్పకుండా దాచడం నాకు చేతకాక ఆమెకు చెప్పేశాను. ఆమె ఏడవలేదు. కెమెరా వైపు వేలు చూపింది.

"అన్నా, గా పెట్టె కనవడంగనే నాకు ఊపిరి ఆగుతది. నువ్వు దూరం పో. ఎప్పుడు తీస్తవో నాకు చెప్పకు."

"చెప్ప, చెల్లె."

వాలు కిందికి, మోదుగచెట్ల దాకా దిగి స్టాండు పెట్టాను. కెమెరా పైకి చూస్తోంది కాబట్టి గొట్టం జారిపోవాలి, రబ్బరు పట్టీ ఆపింది. సాయంత్రపు ఎండ ఆమె ముఖం మీదే ఉంది. అయినా చాలాసేపు నేనున్న దిక్కు తెలిసినట్టే బిగుసుకుని కూర్చుంది. ఇంతలో రోగులకు పాలూ డబుల్ రొట్టే పంచారు. చెట్టు మీది నుంచి ఒక కోతి దూకి ఆమె చేతిలోని రొట్టె లాక్కుని వాలు కిందికి పరుగెత్తింది.

"నీ మొహం మన్నుగాను! ఇటియ్యవే నా రొట్టె!" అని ఆమె కాలి చెప్పు తీసి, కొంగు నడుముకు చుట్టి, ఉరికింది. నావైపే. కెమెరా మాట పూర్తిగా మరిచిపోయింది. నోరంతా తెరిచి నవ్వుతూ, తిడుతూ, ఆయాసం లేకుండా. నేను గొట్టం జరుపుతూ, వెంట్రుకవాసి తిప్పుతూ, ఫిల్ము జరిపే మీట లాగుతూ తీస్తూనే ఉన్నాను. ఆమె దగ్గరయ్యేకొద్దీ గొట్టం వెనక్కి జరిగి ఆమెకు చోటిచ్చింది. ఆ కొత్త నిగనిగల లెన్సయితే చెప్పు పట్టుకున్న చెయ్యో తలో తెగిపోయేది. వెనక నుంచి నర్సమ్మ "ఉరుకొద్దమ్మా!" అని కేకలు పెడుతూనే ఉంది. రొట్టె మాత్రం కోతికే దక్కింది.

ఫిల్ము కడిగి, ఆరబెట్టి, పెన్సిలు తాకించకుండా తాండూరు పట్టుకుపోయాను. ఈసారి తల్లి ఫోటో పక్కన పెట్టి, "నెగెటివ్ ఏది?" అంది. ఇచ్చాను. వాకిట్లోకి పోయి ఎండలో ఏటవాలుగా పట్టి చూసింది. పెన్సిలు పెట్టిన చోట మెరుపు కనబడుతుందని ఆమెకు తెలుసు! ఎంతసేపు తిప్పినా మెరుపు లేదు. అప్పుడు ఫోటో తీసుకుని దగ్గరగా పెట్టుకుంది. 

"ఇది ఉరుకుతున్నదా?"

"వాలు మొత్తం ఉరికింది. నేను చూసిన," అన్నాను.

"తిట్టుకుంట ఉరికిందా?"

"మస్తుగ తిట్టింది."

ఆమె ముఖంలో ఏదో సడలింది. "దగ్గే మనిషి తిట్టుకుంట ఎట్ల ఉరుకుతది," అని తనకు తానే చెప్పుకున్నట్టుగా అంది. తర్వాత కొడుకు మీద విరుచుకుపడింది. "బెల్లంకొట్టిన రాయి లెక్క నిలవడ్డవేందిరా? కొడంగలోల్లకు రావొద్దని మనిషిని తోలు. పొద్దుగాల బండికి నువ్వు పో, పిల్లను తోల్కరా. చద్దరు తీస్కపో, రైలుల చలిగాలుంటది."

నాకు సంతోషమూ కలిగింది, కోపమూ వచ్చింది. ఒక మనిషి నయమయ్యానని నోటితో చెప్పినా ఒప్పుకోని ఇల్లు, డాక్టరు సంతకం చేసినా నమ్మని ఇల్లు, కోతి పుణ్యాన నమ్మిందన్నమాట! ఆ మాట పైకి అనలేదు. అని ఉండాల్సిందేమో.

మరునాడు వికారాబాదు స్టేషనుకు నేనూ పోయాను. ఆమె కిటికీ పక్కన కూర్చుని జామపండు కొరుకుతోంది. భర్త చద్దరు విప్పి ఆమె భుజాల మీద కప్పబోయాడు.

"గాలి తగుల్తది, కిటికీ ఏసెయ్యనా?"

"ఏడాదాయె గీ తొవ్వ చూడక," అందామె. "తెరిచే ఉండనీ."

అతడు ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. బండి తాండూరు వైపు కదిలింది.