బిర్యానీ గిన్నెకి సీటు బెల్టు

ఈ ఉదయం పదింటికి మా తమ్ముడు నాలుగేళ్ల కూతుర్ని తల్లి ఒళ్లో కూర్చోబెట్టి కారు స్టార్ట్ చేశాడు. వాళ్లు ఇండియా నుంచి అమెరికాలోని నోవైకి వచ్చి ఆరు నెలలైంది. పాప కార్ సీటు తీసేసి, ఆ చోట పిక్నిక్‌కి వండిన బిర్యానీ గిన్నె పెట్టాడు. ఒరగకుండా దానికి బెల్టు కూడా బిగించాడు. నేను కారుకి అడ్డంగా నిలబడ్డాను.

"పది నిమిషాల దారే అక్కా, ఓవర్ చేయకు."

"అయితే గిన్నెనే ఒళ్లో పెట్టుకోమను."

"అమ్మో, కాలుతుంది!"

పాప సీటు బిగించేదాకా నేను కదల్లేదు. గిన్నె నా కార్లో వచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు. మీ ఇళ్లలోనూ ఇలాంటి వాళ్లున్నారా?

వచ్చే ఆదివారం తొమ్మిదింటికి వాళ్లు జూకి బయలుదేరుతున్నారు. ఎనిమిదిన్నరకే నేను వాళ్లింటి ముందుంటాను.