తాళం దగ్గర మనిషి

కంది స్టేజీ దగ్గర బస్సు ఆగగానే కొమురయ్య ఎక్కాడు. సత్యరాజు గబుక్కున కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. సంగారెడ్డిలో ఎక్కినప్పటి నుంచీ అతనికి కుదురు లేదు, అప్పటికే రెండు సీట్లు మారాడు. మూడు రోజులుగా డ్యూటీకి రాని మనిషి, ఇంత బస్సులో వచ్చి అతని పక్కనే కూలబడ్డాడు.

"నమస్తే సారూ. ఇన్‌ఛార్జ్‌ చేస్తుండ్రట గద. ఇగ మమ్మల్ని గుర్తువడుతవా?"

"ఇంకా కాలే కొమురన్నా. తొమ్మిదిన్నర మీటింగుల చెప్తరట."

పటాన్‌చెరు దగ్గరి మందుల కంపెనీలో హెల్పరుగా చేరి ఫోర్‌మన్ అయ్యేసరికి సత్యరాజుకు ఇరవై రెండేళ్లు పట్టింది. నాన్న బడిపంతులు, చర్చిలో పెద్ద. కొడుకు కంపెనీలో చేరాడని ఏడాదిపాటు మాట్లాడలేదు. ఇప్పుడు సత్యరాజు పనల్లా ఒకటే. లోపల పెద్ద రెక్కలు తిరిగే ట్యాంకును కడగడానికి మనుషులు దిగే ముందు కరెంటు స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుంటాడు. చివరి మనిషి పైకి వచ్చేదాకా ఒంటేలుకు కూడా లేవడు. పుస్తకాల్లో నాయకులు గుర్రాలెక్కి సేనల ముందు నడుస్తారు. కదలకుండా కూర్చోవడమే పనిగా పెట్టుకున్న నాయకుడు, ఎన్ని చదివినా, ఒక్కడూ తగలడు.

మొన్న బుధవారం మాత్రం లేచాడు. ఇన్‌ఛార్జ్‌ని చేస్తున్నామని ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఒళ్లు తేలిపోయింది. దిగిన ముగ్గురిలో ఇద్దరు పైకి వచ్చారు, మూడో మనిషిని చూసుకోనేలేదు. చెవిని ఎలక్ట్రీషియన్ యాదన్న చేతిలో పడేసి, "అయిపోయింది, కరెంటియ్యి" అని మెట్లు దిగిపోయాడు. యాదన్న తాళం తీసి స్విచ్చు మీద చెయ్యి వేసేసరికి ట్యాంకు మూతిలోంచి కొమురయ్య తల బయటికొచ్చింది.

యాదన్నను డ్యూటీకి రావద్దని ఇంట్లో కూర్చోబెట్టారు. చెవి ఫోర్‌మనే ఇచ్చాడని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు, మారుచెవితో తనే తీశాడనుకున్నారు. సత్యరాజు అలాంటి పని చేస్తాడా! సత్యరాజు కూడా నోరు విప్పలేదు.

"జరం తగ్గిందా?" అని ఇప్పుడు బస్సులో కొమురయ్యను అడిగాడు.

"జరమెక్కడిది సారూ, భయం. మా ఇంటిది రాజవ్వ పోవద్దన్నది. సత్యరాజు సారు కూసుంటడు గద, ఏం గాదని చెప్పొచ్చిన. ఆ యాదన్న దొరికితే మాత్రం నాలుగు తగిలిస్త."

"కొమురన్నా, చెవి ఇచ్చింది నేనే."

రుద్రారం దగ్గర లారీల వెనక బస్సు నిలిచిపోయింది. కొమురయ్య టిఫిన్ డబ్బాను ఒక తొడ మీంచి ఇంకో తొడ మీదికి మార్చుకున్నాడు.

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నాకు చెప్తే యాదన్న డ్యూటీకొస్తడా?"

"అందరి ముందర చెప్తే ఇన్‌ఛార్జ్‌ పోతది. ఉన్న నౌకరి గూడ పోతదేమో."

"నా కాళ్లు పొయ్యేటియి సారూ" అని నవ్వాడు కొమురయ్య. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "ఇయ్యాల గూడ ట్యాంకుల దిగుడున్నది. నువ్వు చెప్పకుంటే, నువ్వే కూసున్నా నేను దిగ."

"చెప్తే?"

"సూస్త. సూస్త అంటున్న, దిగుత అంటలే."

సత్యరాజు లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. యాదన్న కిరాయి గది ఇస్నాపూర్ చౌరస్తా పక్క సందులోనే. మీటింగుకు ఇంకా ముప్పావుగంట ఉంది. అతన్ని వెంటబెట్టుకుని పోవాలి, అతను వింటుండగానే చెప్పాలి.

చౌరస్తాలో బస్సు పూర్తిగా ఆగకముందే దిగేశాడు.

"సారూ, మన స్టేజీ ఇంకా రాలే!" కొమురయ్య కిటికీలోంచి అరిచాడు.

సత్యరాజు వెనక్కి తిరగలేదు, పోయొస్తానని చెయ్యి కూడా ఊపలేదు. ఆటోల మధ్యలోంచి రోడ్డు దాటి, సందులోకి వడివడిగా నడిచిపోయాడు.