మొదటి బ్యాచ్

ఆమె ఎడమ చేత్తో ఇంట్లో గిన్నెలు తోమేది కాదు. ఎండలో పోతుంటే దాన్ని కొంగు కింద దాచుకునేది.

"కుడి చెయ్యి మనది, ఎడమ చెయ్యి కంపెనీది," అనేవాడు భర్త, బస్సు డ్రైవరు. "జీతం మాత్రం రెండిటికీ కలిపి ఇస్తారు."

"నీ నోటికి కాస్త క్రీము రాస్తే మెత్తబడుతుంది," అనేది ఆమె.

ఆ కంపెనీలో ముఖానికీ చేతులకీ రాసుకునే క్రీములు చేస్తారు. మైనం, నూనె కరిగించి, నీళ్ళు కలిపి, చల్లారేదాకా గిలక్కొడతారు. కంపెనీ పెట్టిన పెద్దమ్మగారు ఉన్నన్నాళ్ళూ ఒక పద్ధతి ఉండేది. పొద్దున మొదటి బ్యాచ్ దిగగానే పెద్దమ్మగారు కిటికీ పక్క బల్ల దగ్గరికి వచ్చేవారు. ఈమె ఎదురుగా కూర్చుని ఎడమ చెయ్యి చాచేది, అరచెయ్యి కిందికి. పెద్దమ్మగారు వేలికొసతో కొద్దిగా క్రీము తీసి ఆ చేతి మీద గుండ్రంగా, మెల్లగా రాసేవారు. అది ఇంకేదాకా ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

తర్వాత అడిగేవారు, క్రీముకి నోరున్నట్టు. "ఏమంటోంది?"

"జిడ్డు వదల్లేదంటోందమ్మా."

బ్యాచ్ వెనక్కి పోయేది.

పెద్దమ్మగారు తీపి మాటల మనిషి కాదు. పిల్లకి జ్వరమని సెలవడిగినా మొహం ముడుచుకునేవారు. అయినా ఆ కాసేపు ఆమె చెయ్యి ఇంకొకరి చేతిలో ఉండేది. ఆమె మాట కోసం ఒక మనిషి ఆగేది. ఇంట్లో గానీ బయట గానీ అలా ఆగినవాళ్ళు ఎవరూ లేరు.

పెద్దమ్మగారు పోయాక మేనల్లుడు వచ్చాడు. అందరూ కొత్తసారు అంటారు. మంచివాడు. ఆఫీసర్ల భోజనాల గది తీయించేసి అందరం ఒకచోటే తిందామన్నాడు. సెలవడిగితే కారణం అడగడు. కిటికీ పక్క బల్ల తీయించి మిషను పెట్టించాడు. చిక్కదనం, తేమ అదే చూపిస్తుంది. ఆమెని లేబుళ్ళ గదికి మార్చారు. జీతం తగ్గించలేదు.

ఆయన ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడుతున్నాడని తెలిశాక ఆమె గట్టిగా అనుకుంది. అడగాలి. మొదటి బ్యాచ్ ఒక్కటీ తన చేతికి వదలమని అడగాలి.

"కూర్చోండమ్మా. మీకేం కావాలో చెప్పండి."

కూర్చోగానే ఆమె ఎడమ చెయ్యి దానంతటదే బల్ల మీదికి వెళ్ళింది, అరచెయ్యి కిందికి. కొత్తసారు ఒక్క క్షణం చూసి, లేచి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

"చాలా సంతోషమమ్మా. మీలాంటి పాతవాళ్ళే మాకు బలం."

ఆమె చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాతే అడగాల్సింది అడిగింది.

"మిషను ఉందిగా అమ్మా. మీ చర్మానికి ఏమన్నా అయితే?"

"ఇన్నేళ్ళలో ఏం కాలేదు సార్."

"ఇకముందు కాకూడదనే."

అందులో తప్పు పట్టడానికేం లేదు.

సాయంత్రం భర్త కూరగాయలు ముందు పెట్టి, "ఇంక రెండు చేతులూ మనవేగా," అన్నాడు. ఆమె నవ్వకపోవడం చూసి కత్తి తనే అందుకున్నాడు.

మర్నాడు లేబుళ్ళ గదికి పోవాల్సింది పోయి, క్రీము గిలక్కొట్టే గది గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మా, దారి తప్పావా?" అన్నాడు అక్కడ పనిచేసే ముసలాయన. కంపెనీలో అందరికీ బాబాయే.

"కాళ్ళు ఇటే వచ్చాయి బాబాయ్."

ఆయన అటూ ఇటూ చూసి, గరిటె అంచున ఉన్న క్రీము తీసి ఆమె చేతి మీద అద్దాడు. "రాసుకుని పో. మిషనుకి చెప్పకు."

తన హాస్యానికి తనే నవ్వుకుని పనిలో పడ్డాడు. రెండో బ్యాచ్‌కి మైనం కరుగుతోంది.

ఆమె తనే రాసుకుంది. ఇంకేదాకా నిలబడింది. కొంచెం పలచన. ఆ మాట నాలుక మీదికొచ్చి ఆగింది. బాబాయి వీపు కనిపిస్తోంది. అడుగుతాడేమోనని చూసింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు ఆయన, ఇటు తిరక్కుండానే.

"వెళ్తున్నా బాబాయ్," అంది.

కదలడానికి ఇంకాస్త సేపు పట్టింది.