తుప్పు పట్టిన కొత్త తుపాకీ

చెకుముకి రాయితో పేలే పాతకాలపు సైనిక తుపాకులు సేకరించడం నా పిచ్చి. ఈ రోజు కృష్ణానగర్‌లో సినిమాలకు సామాన్లు కిరాయికిచ్చే యాదగిరన్న రెండు చూపించాడు. ఒకటి తుప్పు పట్టి ఉంది, ఇంకోటి బంగారు రంగుతో మెరుస్తోంది. తుప్పుదాన్ని భూతద్దంతో అరగంట పరీక్షించి, "ఇదే అసలుది" అని తేల్చాను.

"గది పోయినేడు మేం చేసిందే సార్. ఉప్పునీళ్లు కొట్టి ఎండల పెట్టినం. అసలుది గీ బంగారు రంగుదే. రాజుగారి సైన్యం కొత్తగ కనబడాలన్నడు డైరెక్టర్."

రంగు గీకి చూస్తానన్నాను.

"వద్దు సార్, రేపు షూటింగుంది!"

ఏదీ కొనకుండా ఇంటికొచ్చాను. గోడ మీద నా మూడు తుపాకులున్నాయి. మూడూ ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల కొన్నవే, మూడూ చక్కగా తుప్పు పట్టినవే. చాకు పట్టుకుని వాటి ముందే కూర్చున్నాను. మీరైతే గీకుతారా?