తొండ సారును గీసిన సబియా

సబియా పనిచేసే కంపెనీ తిరుపతి బైపాస్ రోడ్డులో, ఒక టైల్స్ షాపు పైన, రెండో అంతస్తులో ఉంది. బయట బోర్డు చూస్తే ప్రపంచానికంతా వీళ్ళే సాఫ్ట్‌వేర్ పంపుతున్నారేమో అనిపిస్తుంది. లోపల జరిగేది మాత్రం ఆసుపత్రులకూ లాడ్జీలకూ సగం ఉడికిన సరుకు అంటగట్టడం. సబియా అక్కడ టెస్టర్. అంటే తప్పులు పట్టాలి. ఆమె పట్టిన ప్రతి తప్పునూ ఎండీ రఘునాథ్ ‘పాస్’ అని మార్పించి కస్టమరుకు పంపిస్తాడు. ఎవరైనా నసిగితే తన గదిలోని ఇనుప బీరువా వైపు ఒకసారి చూస్తాడు, అంతే. ఉద్యోగంలో చేరేటప్పుడు అందరి దగ్గరా తీసిపెట్టుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు అందులో ఉన్నాయి. అవి లేకుండా ఇంకోచోట ఉద్యోగం దొరకదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వీళ్ళకూ తెలుసు.

నోరెత్తలేని మనిషికి కడుపులో మాట ఊరికే ఉంటుందా? సబియా బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. పేరు చెప్పకుండా, ఇంటర్నెట్‌లో, వారానికొక కామిక్. పేరు ‘ఉప్మా టెక్నాలజీస్’. అందులో ఎండీ ఒక తొండ. కస్టమరు ఏమడిగినా తలూపుతాడు, మబ్బుల్లోకి లిఫ్టు కావాలన్నా సరే. టెస్టర్లు తప్పుందని ఎర్ర ఇంకుతో రాస్తే దానిమీద పచ్చరంగు పూయిస్తాడు. ‘అచ్చం మా సారే’ అని ఎక్కడెక్కడి వాళ్ళో కింద రాసేవారు. అవి చదువుకుని సబియా రేణిగుంట బస్సులో దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వుకునేది.

ఆ నవ్వు ఒక సోమవారం పొద్దున ఆవిరైపోయింది. రఘునాథ్ అందరినీ హాల్లోకి పిలిపించి, తెరమీద ఆ తొండ బొమ్మ వేశాడు.

“మన ఆసుపత్రి కస్టమరు నాకు పంపించినాడు దీన్ని. ఇది మీ కంపెనీనేనా అని అడుగుతా ఉండాడు. ఇదేసినోళ్ళు ఈ గదిలోనే ఉండారు. సాయంత్రం లోపల మీరే చెప్తే సరి. నేనే పట్టుకున్నానంటే మాత్రం సర్టిఫికెట్ల మీద ఆశ వదులుకోండి.”

ఆయన అరవలేదు. అరిచి ఉంటేనే బాగుండేదని సబియాకు అనిపించింది. తన మొహం చూసే అందరూ కనిపెట్టేస్తారని తల వంచుకుని బయటికి వచ్చింది.

వచ్చి, గాజు తలుపు ముందు ఆగిపోయింది. ఆయుధపూజ నాడు కంప్యూటర్లకు బొట్లు పెట్టి, రాత బాగుంటుందని తోటి టెస్టర్లు ఆమె చేతే తలుపు మీద రాయించిన నీటిరంగుల అక్షరాలు ఇంకా చెరగలేదు. సబియా తండ్రి గౌస్ మొహిద్దీన్ రేణిగుంటలో లారీలకు పేర్లు రాస్తాడు. ప్రతి తలకట్టు చివరా చిన్న కొక్కెం లాగడం ఆయన అలవాటు. ఆయన దగ్గరే కుంచె పట్టిన కూతురికీ ఆ కొక్కెం అబ్బింది. కామిక్‌లో మాటలన్నీ ఆమె చేత్తోనే రాసింది. పేరు దాచింది, ఊరు దాచింది, రాతను దాచాలని మాత్రం తట్టలేదు. తెరమీది రాతనూ తలుపు మీది రాతనూ పక్కపక్కన పెడితే పసిపిల్లలు కూడా చెప్పేస్తారు.

“మే, ఏమయింది నీకు? మొగమంతా పాలిపోయిండాది” అంది వెనకే వచ్చిన జెస్సీ. ఇద్దరివీ పక్కపక్క సీట్లు.

సబియా తలుపు వైపే చూసింది. జెస్సీ కూడా చూసింది. చప్పున అర్థమైంది.

“నువ్వా?” అంది పెదవులతోనే.

సబియా తలూపింది. జెస్సీ సీసాలో నీళ్ళతో చున్నీ కొస తడిపి, అదేదో తన పనే అన్నట్టు ఆ అక్షరాలను తుడిచేసింది.

తుడిచేటప్పుడు పైన కెమెరా ఉందని ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆఫీసు వ్యవహారాలు చూసే ఢిల్లీబాబుకు గుర్తొచ్చింది. మధ్యాహ్నం జెస్సీకి ఎండీ గదిలోకి పిలుపొచ్చింది. సగం తెరిచిన తలుపులోంచి మాటలన్నీ బయటికి వినిపిస్తున్నాయి.

“ఎందుకు తుడిచినావు?”

“మురిగ్గా ఉంటే తుడిచినాను సార్.”

“ఇన్నాళ్ళూ లేని మురికి ఈ పొద్దే కనబడిందా?” రఘునాథ్ బీరువా తెరిచి జెస్సీ ఫైలు తీసి బల్లమీద పడేశాడు. “ఇది చించేదానికి ఎంతసేపు పడతాదో సూస్తావా?”

జెస్సీ తల వంచుకుంది. పేరు మాత్రం చెప్పలేదు.

సబియాకు పారిపోవాలనిపించింది. నిజంగానే బ్యాగు భుజాన వేసుకుంది కూడా. ఎడమపక్క మెట్లున్నాయి, కుడిపక్క ఎండీ గది. ఆ గదిలోకి ఎలా నడిచి వెళ్ళిందో ఆమెకే తెలియదు.

“అది నేనేసినాను సార్. జెస్సీ ఏమీ గీయలేదు.”

రఘునాథ్ పగలబడి నవ్వాడు. “నువ్వా? గుడ్ మార్నింగ్ చెప్పేదానికే వణికిపోతావు కదమ్మా! ఏదీ, ఈడ వెయ్యి సూద్దాం” అని కాగితం ముందుకు తోశాడు.

గీసింది. తోక కొంచెం వంకర పోయింది గానీ, అది ఆ తొండే. కింద రాసిన మాటకు కొక్కేలూ ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది.

“ఇంకా ఏమేమి వెయ్యాలనుకున్నావు?” అన్నాడు చాలా మెల్లగా.

ఇంకేమీ లేదు సార్, తప్పయిపోయింది అంటే సరిపోయేది. భయంలో ఆమెకు అబద్ధం తోచలేదు.

“బీరువా సార్.”

“ఏందీ?”

“ఈ బీరువా. లోపల మా సర్టిఫికెట్లు. తొండ సారు దానిమీద కూర్చోనుంటాడు. సగం వేసి పెట్టినాను.”

బల్ల పక్కనే నిలబడి ఉన్న ఢిల్లీబాబు గొంతు సవరించుకున్నాడు. “సార్, అది గానీ బయటికి పోయిందంటే సర్టిఫికెట్లు ఎందుకు పట్టి పెట్టుకున్నారని పోలీసోళ్ళు కూడా వచ్చి అడుగుతారు.”

రఘునాథ్ బీరువాలోంచి సబియా ఫైలు లాగి, రెండింటినీ కలిపి వాళ్ళ ముందుకు విసిరాడు. “తీసుకోని పోండి. ఆ బొమ్మ యాడా కనబడకూడదు.”

మెట్లు దిగుతున్నంతసేపూ వెనకనుంచి పిలుస్తాడేమోనని ఇద్దరికీ వణుకే. రేణిగుంట బస్సెక్కి కూర్చున్నాక జెస్సీ అంది:

“ఆ బొమ్మ వెయ్యొద్దులే మే. బతికి బయటపడినాం, సాలు.”

“నాకూ భయంగానే ఉండాది.”

“మరింకేం?”

“మనవి మాత్రమే కదా వచ్చింది. మిగతా వాళ్ళవన్నీ ఆడనే ఉండాయి.”

సబియా ఫైలును ఒళ్ళో పెట్టుకుని ఫోను తెరిచింది. సగంలో ఆగిన బీరువాకు తలుపు గీయడం మొదలుపెట్టింది.